ఇన్‌చార్జి వేదసాక్షి

మౌనగిరి ధ్యానకేంద్రంలో వేదసాక్షుల పోస్టులు పద్నాలుగు.

దేవుడి కోసం ప్రాణాలిచ్చిన పద్నాలుగు మంది పునీతుల స్వరూపాలు కొండ కింద గేటు దగ్గర మొదలై పైన గుడి దాకా మెలికలు తిరిగే బాటకు రెండు పక్కలా, సిమెంటు దిమ్మెల మీద, తొంభై ఏళ్ళుగా నిలబడి ఉన్నాయి. పునీత లారెన్సు గారు మాత్రం పడుకొని ఉన్నారు. ఆయన్ని ఇనుప చువ్వల మంచం మీద కాల్చి చంపారు కాబట్టి, చేసినవాడు కూడా ఆయన్ని అలాగే పడుకోబెట్టాడు. ధ్యానానికి వచ్చినవాళ్ళు ఒక్కో దిమ్మె దగ్గరా ఆగి, మోకరించి, ఒక జపం చెప్పుకొని, మోకాళ్ళ దుమ్ము దులుపుకొని పైకి వెళ్ళేవాళ్ళు. అవి స్వరూపాలనే అందరూ అనుకున్నారు. అవి పోస్టులని మొదట కనిపెట్టినవారు గోపు బాలశౌరి గారు.

ఆయన కనిపెట్టేనాటికి జసింతకు పెళ్ళయి పంతొమ్మిది రోజులు.

జసింత భర్త అంబ్రోసు స్వరూపాలు బాగుచేస్తాడు. విరిగిన వేళ్ళు అతికిస్తాడు, వెలిసిన పెదాలకు రంగు వేస్తాడు, కాకులు పొడిచిన ముక్కుల్ని మళ్ళీ నిలబెడతాడు. ఎండకూ వానకూ పాడైపోయిన వేదసాక్షుల బాటను బాగుచేసే పని పెళ్ళయిన పదో రోజున వచ్చింది. మొదటి వారం దిమ్మెలకు రంగులు, ఆ తర్వాత స్వరూపాలకు పన్నెండు రోజుల పని. కొత్తజంటకు కేంద్రం వెనకాల ఒక గది ఇచ్చారు. ఆ గదికి ఒక కిటికీ, కిటికీకి ఒక సీతాఫలం కొమ్మ. బి.ఎస్సీ. బోటనీ చదివిన జసింత ఆ కొమ్మ మీద ఎన్ని పిందెలున్నాయో రోజూ పొద్దున్నే లెక్కపెట్టి, ఒకటి పెరిగితే భర్తను లేపి మరీ చెప్పేది. మధ్యాహ్నం ఒంటిగంటకు అంబ్రోసు రంగు వాసనతో గుమ్మంలోకి వచ్చి "ఏం కూర?" అని అడగడం ఆమెకు ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. కూర ఏదైనా సరే, మొదటి ముద్దకు అతను "అబ్బ!" అనేవాడు. సొరకాయకు కూడా అనేవాడు.

బాలశౌరి గారు కలెక్టరాఫీసులో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో, కూర్చున్నవాళ్ళు ఎందుకు కూర్చోకూడదో చూసే సెక్షను అది. ఇప్పుడాయన వేదసాక్షుల బాట పునరుద్ధరణ, పర్యవేక్షణ కమిటీకి చైర్మన్. ఒకనాటి ఉదయం నడకకు వచ్చినవారు బాట మొదట్లో నిలబడి చూస్తే ఒక్క దిమ్మె మీదా ఎవరూ లేరు. అంబ్రోసు ముందురోజు సాయంత్రమే పద్నాలుగు స్వరూపాల్నీ దించి షెడ్డులో పెట్టాడు.

"పద్నాలుగు వేకెన్సీలు!" అని చైర్మన్ గారు గుండె పట్టుకున్నారు.

అరగంటలో ఆఫీసులో అత్యవసర సమావేశం. కేంద్రం డైరెక్టరు ఫాదర్ ఇన్నయ్య గారు, ఆఫీసు చూసుకునే సిస్టర్ దొమితిల్ల, ముద్దాయిగా అంబ్రోసు. జసింతను ఎవరూ పిలవలేదు గాని, ఆఫీసు కిటికీ కింద గడ్డిచామంతులు చాలా బాగా పూశాయని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది.

"ఎవరి ఆర్డరు మీద దించావయ్యా వీళ్ళని?" అన్నారు బాలశౌరి గారు.

"ఫాదర్ గారు బాగుచెయ్యమన్నారండి. రంగెయ్యాలంటే దించాలి గదండీ."

"అది దించడం కాదు. రిలీవ్ చెయ్యడం. పద్నాలుగు మందిని ఒకే పూటలో, బదులు మనిషి లేకుండా రిలీవ్ చేశావు. వాళ్ళు చార్జి ఎవరికి అప్పగించారు?"

అంబ్రోసు నిజాయితీగా ఆలోచించాడు. "ట్రాక్టరుకండి."

ఫాదర్ ఇన్నయ్య గారు దగ్గారు. "పోనీలే బాలశౌరీ, ఎంత, పన్నెండు రోజులేగా..."

"ఫాదర్, శంకుస్థాపన రాయి మీద ఏమని ఉంది? 'ఈ బాటయందు పద్నాలుగురు వేదసాక్షులు సదా నిలిచి యుందురు' అని ఉంది. సదా అంటే పన్నెండు రోజులు పోను మిగతా రోజులని కాదు. సదా అంటే ఆదివారాలతో సహా."

ఫాదర్ ఇన్నయ్య గారు సైతానుతోనైనా పోట్లాడగలరు కాని ఫైలుతో పోట్లాడలేరు. "అట్టాగే కానీండి," అన్నారు.

అట్టాగే అయింది. స్వరూపాలు తిరిగి విధుల్లో చేరేదాకా ఒక్కో దిమ్మెకూ ఒక్కో ఇన్‌చార్జిని వేస్తూ మధ్యాహ్నానికి ఉత్తర్వులు వెలువడ్డాయి. నియామకాలు పూర్తిగా అర్హతను బట్టే జరిగాయి. వంటమనిషి రాయప్పకు నిప్పు దగ్గర ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది కనుక లారెన్సు గారి దిమ్మె. మామిడికాయల కోసం వచ్చేవాళ్ళు వాచ్‌మన్ చిన్నపరెడ్డి మీద ఎప్పుడూ రాళ్ళు విసురుతుంటారు కనుక, రాళ్ళ దెబ్బలతో చనిపోయిన స్తెఫాను గారి దిమ్మె అతనికి. ఏ కాగితాన్నీ ఒక పట్టాన నమ్మని అకౌంటెంటు సుందరరాజుకు, కళ్ళతో చూస్తేగాని నమ్మనన్న తోమాసు గారి దిమ్మె. తోటమాలి నుంచి గుడిగంట కొట్టే మనిషి దాకా పదమూడు మందికి పదమూడు దిమ్మెలు సరిపోయాయి. ఇంకొకటి మిగిలింది. బాటలో ఏడోది, పునీత సెబస్తియాను గారిది. ఆయన్ని స్తంభానికి కట్టేసి బాణాలతో కొట్టారు.

"ఖాళీ ఎవరు సృష్టించారో పూడ్చేది కూడా వాళ్ళే," అన్నారు బాలశౌరి గారు అంబ్రోసు వైపు చూసి.

"మరి ఆయన అక్కడ నిలబడితే రంగులెవరేస్తారండీ?" అంది గడ్డిచామంతుల్లోంచి ఒక గొంతు.

"ఎవరమ్మాయి నువ్వు?"

"ఆయన భార్యనండి."

"అమ్మా, నువ్వడిగింది పెయింటింగ్ విషయం. ఇది ఎస్టాబ్లిష్‌మెంట్. ఆ సెక్షన్ వేరు."

మర్నాడు ఉదయం ఆరింటికి పద్నాలుగు మందీ చార్జి తీసుకున్నారు. డ్యూటీ సాయంత్రం ఆరు దాకా. మాట్లాడకూడదు, కదలకూడదు, గోక్కోకూడదు. అంబ్రోసును చేతులు వెనక్కి పెట్టి స్తంభానికి ఆనించారు. స్టాకు రిజిస్టరు ప్రకారం బాణాలు ఏడు. దొరికినవి అయిదు. మిగతా రెండూ పాత గొడుగు చువ్వలతో చేయించి, ఏడింటినీ పిన్నీసులతో చొక్కాకు గుచ్చారు. గుచ్చింది జసింతే. గుచ్చుతూ గుచ్చుతూ ఆమెకు నవ్వాగలేదు. మూడో బాణం దగ్గర అతనికీ ఆగలేదు. వేదసాక్షి నవ్వినట్టు చరిత్రలో ఆధారాలున్నాయా అని చైర్మన్ గారు రాతపూర్వకంగా వివరణ కోరారు.

ఒంటిగంటయింది. "ఏం కూర?" అని ఎవరూ అడగలేదు. జసింత కాసేపు సీతాఫలం పిందెల్ని చూసింది. పన్నెండు. నిన్నా పన్నెండే. క్యారియరు సర్దుకొని బాట పట్టింది. దిమ్మెల దగ్గరికి యాత్రికుల్ని తప్ప ఎవర్నీ వెళ్ళనివ్వడం లేదు. ఆమె తలమీద కొంగు కప్పుకొని యాత్రికురాలైపోయి, ఏడో దిమ్మె ముందు మోకరించింది.

"ఓ పునీత సెబస్తియాను గారా," అంది, సాయంత్రం జపంలో ఎలా సాగదీస్తారో అలా సాగదీసి. "దోసకాయ పప్పు తెచ్చియున్నాను. ఆకలిగా ఉన్నదా? అవునంటే ఒక రెప్ప, కాదంటే రెండు."

ఒక రెప్ప వాలింది.

"మా కొరకు వేడుకొనండి!" అంది వెనకనుంచి ఎవరో. తిరిగి చూస్తే సత్తెనపల్లి నుంచి ధ్యానానికి వచ్చిన ఒక పెద్దావిడ కళ్ళు మూసుకొని చేతులు జోడించి ఉంది. పునీతుల ప్రార్థన ఎక్కడ వినబడినా ఆవిడ నోరు దానంతటదే జవాబిస్తుంది.

జసింతకు ఆపే దారి లేదు. "పప్పులో ఉప్పు తక్కువైనదేమోనని భయపడుచున్నాను."

"మా కొరకు వేడుకొనండి!" ఈసారి నలుగురు.

"అప్పడములు కూడా ఉన్నవి."

"మా కొరకు వేడుకొనండి!" సత్తెనపల్లి వాళ్ళంతా వచ్చేశారు. ఇరవై మంది.

"మీ ఎడమ చెవి మీద చీమ పాకుచున్నది. కుట్టుచున్నదా?"

ఒక రెప్ప. చాలా గట్టిగా.

"మా కొరకు వేడుకొనండి!"

జసింత లేచి దిమ్మె ఎక్కి, కొంగు అంచుతో చెవి మీద చీమను మెల్లగా తుడిచింది. దగ్గరగా చూస్తే అతని మీసం చివర ఒక చెమట చుక్క నవ్వు ఆపుకోలేక వణుకుతోంది. ఇరవై మందీ ఆమెనే చూస్తున్నారు. ఎవరికీ తెలియకుండా ఒక అప్పడం ముక్క అతని నోట్లో పెట్టి కిందికి దిగింది. "కరకర శబ్దం వినబడిందా వదినా?" అంటోంది సత్తెనపల్లి పెద్దావిడ పక్కావిడతో. "నాకూ వినబడింది. ఒళ్ళు జలదరించింది."

ఆ మర్నాటి నుంచి సెబస్తియాను గారి చెవి తుడవడానికి క్యూ కట్టారు.

కమిటీ వారి దర్శనాల రిజిస్టరులో వారం తిరిగేసరికి లెక్క తేలింది. సెబస్తియాను గారి ముందు రోజుకు రెండు వందల మంది మోకరిస్తున్నారు. అందులో ఒకే యువతి రోజుకు తొమ్మిదిసార్లు వస్తోంది. "ఎంత భక్తి!" అని బాలశౌరి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. లారెన్సు గారి ముందు మాత్రం నలభై మందే. ఆయన గురక పెడుతున్నారని ఫిర్యాదు. అయినా రాయప్ప పోస్టుకు ఇప్పటికే ఆరుగురు దరఖాస్తు పెట్టుకున్నారు. పడుకునే డ్యూటీ అదొక్కటే. ఫాదర్ ఇన్నయ్య గారికి కూడా ఈ ఏర్పాటు నచ్చడం మొదలైంది. ఆదివారం ప్రసంగాన్ని శనివారమే బాటలోకి తీసుకెళ్ళి చదివితే, మధ్యలో లేచిపోకుండా వినేవాళ్ళు ఆయనకు ముప్పై ఏళ్ళ ఫాదర్ జీవితంలో మొదటిసారి దొరికారు.

ప్రజాదరణ దృష్ట్యా పునీత సెబస్తియాను (ఇన్‌చార్జి) వారి సేవలను తదుపరి ఉత్తర్వుల వరకు పొడిగించడమైనదని నోటీసు బోర్డులో పెట్టారు. జసింత దాన్ని రెండుసార్లు చదివింది. తను తొమ్మిదిసార్లు వెళ్ళి వెళ్ళి మొగుణ్ణి దిమ్మెకు అతికించేసిందన్నమాట.

అంతకన్నా భయపెట్టింది వేరే ఉంది. అంబ్రోసు సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వచ్చేవాడు గాని, వచ్చినవాడు వచ్చినట్టే గోడకు ఆనుకొని నిలబడేవాడు. "నీళ్ళు పెట్టనా?" అంటే ఒక రెప్ప. "కాళ్ళు పీకుతున్నాయా?" ఒక రెప్ప. "ఇవాళ పిందెలు పదమూడయ్యాయండీ!" అంటే అసలు రెప్పే లేదు. నోటీసు పెట్టిన నాలుగో రోజున గుత్తివంకాయ వండింది. మసాలా రోట్లో నూరి మరీ వండింది. మొదటి ముద్ద తిన్నాడు. ఆమె ఎదురుచూసింది. అతను "అబ్బ" అనలేదు. రెండు కళ్ళూ ఎటో, గోడ అవతలికి, పరలోకం వైపు చూస్తున్నాయి.

"ఏవండీ."

ఒక రెప్ప.

"నోటితో చెప్పండీ!"

పెదాలు కదిలాయి. "డ్యూటీ... అలవాటైపోయింది జసింతా," అన్నాడు గొంతు పెగుల్చుకొని. అంతే. ఆ రాత్రికి ఆ మాటే మిగిలింది.

పెళ్ళయిన నెలకే మొగుడు రాయైపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు జసింత. పొద్దున్నే షెడ్డు తాళం తీసింది. స్వరూపాలన్నీ వరసగా, కొన్ని పడుకొని, కొన్ని గోడకు ఆనుకొని ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో అతని పక్కన కూర్చొని చూసిన పనే. నేర్చుకున్నదెంతో, చూసి మురిసిపోయిందెంతో ఇప్పుడు తేలుతుంది. గరుకు కాగితంతో రుద్దింది, పగుళ్ళు పూడ్చింది, తెల్లరంగు కోటింగు ఇచ్చింది. సిస్టర్ దొమితిల్ల ఆఫీసులో పనేమీ లేక వచ్చి చీర చెంగు దోపింది.

"నీకు వచ్చా ఇదంతా?"

"రాదు సిస్టర్."

"నాకూ రాదు. ఆ బ్రష్ ఇటివ్వు."

అనుమానం వస్తే రంగు అట్టముక్కలు పట్టుకొని ఏడో దిమ్మె దగ్గరికి వెళ్ళేది జసింత. "ఓ పునీతుడా, అగ్నేసమ్మ గారి పైటకు ఈ నీలమా, ఆ నీలమా?" మొదటిదానికి రెండు రెప్పలు, రెండోదానికి ఒకటి. సత్తెనపల్లి వాళ్ళు వెళ్ళిపోయి చిలకలూరిపేట వాళ్ళు వచ్చారు. వాళ్ళూ జవాబు చెప్పడం నేర్చుకున్నారు. లూసియమ్మ గారి కనురెప్పల్ని జసింత ఒక్కో వెంట్రుకగా దిద్దింది. అగ్నేసమ్మ గారి గొర్రెపిల్లకు ముక్కు వేసి తానే చప్పట్లు కొట్టుకుంది. పద్నాలుగు రోజుల్లో పద్నాలుగు మందీ తయారయ్యారు. నిన్న కన్నుమూసి ఇవాళ పరలోకంలో కన్ను తెరిచినంత తాజాగా ఉన్నారు.

ఆమె పరుగున వెళ్ళి బాలశౌరి గారికి చెప్పింది. ఆయన వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి, అందరినీ పరిశీలనగా చూశారు.

"బాగున్నారు. చాలా బాగున్నారు. జాయినింగ్ రిపోర్టులేవి?"

"అంటే?"

"ఉద్యోగి తిరిగి విధుల్లో చేరాలంటే తన సంతకంతో జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలమ్మా. చికిత్స అయ్యాక చేరుతున్నారు గనక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇన్నాళ్ళూ చెప్పకుండా గైర్హాజరైనందుకు సంజాయిషీ ఇవ్వాలి. అవన్నీ తర్వాతి మాట. అసలు ఖాళీలేవి? పద్నాలుగు పోస్టుల్లోనూ మనుషులున్నారు."

"మనుషులేనండీ గొడవ!"

"మనుషులో, స్వరూపాలో పోస్టుకు తెలియదమ్మా. నిండిందా లేదా అంతే దానికి తెలుసు. కనుక వీళ్ళు పద్నాలుగు మందీ ఇప్పుడు సర్‌ప్లస్." ఆయన జాలిగా లూసియమ్మ గారి వైపు చూశారు. "తొంభై ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు. వీధిన పడెయ్యలేం. ఎక్కడ ఖాళీలుంటే అక్కడ సర్దుబాటు చేస్తాం."

ఖాళీలకు కొదవ లేదు. కేంద్రం సిబ్బంది అంతా బాటలోనే ఉన్నారు.

సోమవారం నుంచి పునీత స్తెఫాను గారు గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడ్డారు. చిన్నపరెడ్డి ఉన్నప్పుడు మధ్యాహ్నం పూట గేటు దగ్గర ఒక కునుకు తప్పనిసరి. ఈయన రెప్ప వెయ్యరు. మామిడికాయల దొంగతనాలు ఆగిపోయాయి. అకౌంటెంటు కుర్చీ తోమాసు గారికి ఇచ్చారు. నిలబడ్డ స్వరూపం గనక కూర్చోబెట్టలేక కుర్చీ తీసేసి నిలబెట్టారు. ఆయన ముందు పెట్టిన ఫైలు ఏదీ అభ్యంతరంతో వెనక్కి రాలేదు. "ఇంత వేగంగా పనులు నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నారు ఫాదర్ ఇన్నయ్య గారు. వంటశాలలో లారెన్సు గారిని ఆయన ఇనుప మంచంతో సహా పొయ్యి పక్కన పెట్టారు. ఆ రోజు అన్నం ఉడకలేదు. చిలకలూరిపేట వాళ్ళు ఉపవాసం ఉన్నారు. వెళ్ళేటప్పుడు అభిప్రాయాల పుస్తకంలో, ఇంత లోతైన ధ్యానం జీవితంలో చెయ్యలేదని రాసి వెళ్ళారు.

మంగళవారం పొద్దున నలుగురు మనుషులు సెబస్తియాను గారిని మోసుకొచ్చి జసింత గుమ్మంలో దించారు. వెనకే బాలశౌరి గారు, చేతిలో కాగితం.

"పెయింటర్ అంబ్రోసు స్థానంలో వీరిని నియమించాం. అతని సమస్త విధులూ వీరు నిర్వర్తిస్తారు. సంతకం చెయ్యి తల్లీ."

"ఇంట్లోకెందుకండీ?"

"క్వార్టరు పోస్టును బట్టి వస్తుంది. పెయింటర్ పోస్టులో వీరున్నారు. క్వార్టరు వీరిది."

"మరి మా ఆయన?"

"అతను బాటలో ఇన్‌చార్జి. ఇన్‌చార్జి అన్నవాడు హెడ్‌క్వార్టర్‌లోనే నివాసముండాలి. ఇవాళ్టి నుంచి అతని పడక దిమ్మె పక్కనే. దోమతెర మంజూరు చేశాం." ఆయన గొంతులో దయ ఉంది. నిజంగానే ఉంది. మనిషి చెడ్డవాడు కాడు. దోమతెర సంగతి ఎవరూ అడక్కముందే తానే ఆలోచించారు.

మధ్యాహ్నం జసింత రెండు కంచాలు పెట్టింది. ఒకటి తనకు, ఒకటి ఎదురుగా నిలబడ్డ సెబస్తియాను గారికి. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. బీరకాయ కూర. ఆయన మీద తాను వేసిన రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎండ కిటికీలోంచి పడి బుగ్గ మెరుస్తోంది. అందంగా ఉన్నారు. తన పనే కాబట్టి ఇంకా అందంగా ఉన్నారు. "ఏమండీ పునీతుడు గారూ, కూరెట్టా ఉంది?" అని అడిగి, జవాబు రాకపోతే ఒక్కసారిగా ఏడ్చింది. బీరకాయలోకి కన్నీళ్ళు పడి ఉప్పు సరిపోయింది.

అప్పుడే సిస్టర్ దొమితిల్ల వచ్చింది. "మీ కొత్తాయన మంచోడే పిల్లా, పల్లెత్తు మాటనడు," అని నవ్వించబోయి, ఆమె మొహం చూసి మానేసింది. పక్కన కూర్చొని, నేల మీదున్న ఉత్తర్వు కాగితం తీసి పైకి చదివింది. "'అంబ్రోసు స్థానంలో సెబస్తియాను, సెబస్తియాను స్థానంలో అంబ్రోసు.' ఇదేం చోద్యమమ్మా, వీళ్ళ కుర్చీలో వాళ్ళు, వాళ్ళ కుర్చీలో వీళ్ళు. మా తమ్ముడూ, మాచర్లలో ఇంకో టీచరూ ఇట్టాగే ఒకళ్ళ ఊళ్ళో ఒకళ్ళు పడి, ఇద్దరూ కలిసి కాగితం పెట్టుకొని మార్చుకున్నారు."

జసింత ఏడుపు ఆపింది. "ఏం కాగితం సిస్టర్?"

"అదే. పరస్పర బదిలీ."

ఆ పూటే దరఖాస్తు తయారైంది. 'మేమిద్దరమూ ఒకరి స్థానములో ఒకరము పనిచేయుచున్నాము. కుటుంబ పరిస్థితుల దృష్ట్యా పరస్పరము మారుటకు మనఃపూర్వకముగా అంగీకరించుచున్నాము.' జసింత బాటలోకి పరుగెత్తి, మోకరించి, అంబ్రోసు వెనక్కి పెట్టుకున్న చేతుల్లో పెన్ను పెట్టింది. అతను చూడకుండానే సంతకం చేశాడు. సంతకం కొంచెం కొండ ఎక్కింది గాని సంతకమే. గదికి వచ్చి, సెబస్తియాను గారి బొటనవేలికి కాస్త ఎర్రరంగు పూసి, కాగితాన్ని దానికి అద్దింది. వేలిముద్ర అచ్చు గుద్దినట్టు పడింది.

బాలశౌరి గారు కాగితాన్ని వెలుతురుకు పట్టుకొని చూశారు. కిందనుంచి పైకి చూశారు. ఫాదర్ ఇన్నయ్య గారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"సెబస్తియాను గారు నిరక్షరాస్యులా?"

"వేలిముద్ర వేశారండి," అంది జసింత. అబద్ధం కాదు గదా.

"ఇది వారి స్వచ్ఛంద అంగీకారమేనా? ఎవరూ ఒత్తిడి చెయ్యలేదుగా?"

"అభ్యంతరముంటే చెప్పమని మూడుసార్లు అడిగానండి. సిస్టర్ సాక్షి."

సిస్టర్ దొమితిల్ల గంభీరంగా తలూపింది.

బాలశౌరి గారు కళ్ళజోడు తీశారు. కళ్ళు చెమర్చాయి. "ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇద్దరు ఉద్యోగులు ఇంత సామరస్యంగా, ఒకరినొకరు తిట్టుకోకుండా, ఆకాశరామన్న ఉత్తరాలు రాసుకోకుండా పెట్టిన పరస్పర బదిలీ దరఖాస్తు ఇదే చూడ్డం. రూలుకు రూలు. కమిటీ ఎవర్నీ వేయక్కర్లేదు, ఎవర్నీ తీయక్కర్లేదు." సంతకం చేసి, స్టాంపు వేసి, ఆ స్టాంపు మీద ఊదారు. "సాయంత్రమే పునీతులు దిమ్మె మీద చేరతారు. నీ భర్త రిలీవ్ అవుతాడు. తర్వాత పది రోజులు జాయినింగ్ టైము."

"జాయినింగ్ టైమంటే?"

"కొత్తచోట చేరేముందు ఇల్లూ వాకిలీ సర్దుకోడానికి జీతంతో కూడిన సెలవు."

"కొత్తచోటు అంటే షెడ్డేగా బాలశౌరీ," అన్నారు ఫాదర్ ఇన్నయ్య గారు ఉండబట్టలేక. "బాటకు రెండు వందల గజాలు."

"దూరంతో పని లేదు ఫాదర్. బదిలీ బదిలీయే. పది రోజులకు తక్కువ ఇవ్వడం నా చేతిలో లేదు."

వార్త గంటలో బాటంతా పాకింది. పద్నాలుగు దిమ్మెల మీదా ఒక్కసారిగా గుసగుసలు మొదలయ్యాయి. అకౌంటెంటు సుందరరాజు తోమాసు గారి వేలిముద్ర కోసం దిమ్మె మీదినుంచే ఆఫీసుకు కబురు పెట్టాడు. రాయప్ప మాత్రం తాను ఎవరితోనూ మారేది లేదని, పడుకునే, ఖరాఖండిగా చెప్పాడు. మర్నాటి నుంచి బాలశౌరి గారు మామిడితోటలో బల్ల వేసుకొని కౌన్సెలింగు మొదలుపెట్టారట. వేదసాక్షుల సీనియారిటీ లిస్టు తయారుచెయ్యడానికే వారం పట్టిందట. ఎవరు ఎప్పుడు చనిపోయారన్నది తేలలేదట. ఆ ముచ్చట చూడ్డానికి జసింత లేదు.

ఆమె బుధవారం పొద్దున్నే బస్టాపులో ఉంది. చేతిలో ఒక సంచి, సంచిలో రెండు జతల బట్టలు, పులిహోర పొట్లం. ఏ ఊరు వెళ్ళాలో ఇద్దరూ అనుకోలేదు. ముందొచ్చిన బస్సు ఎటు పోతే అటు. రోడ్డు పక్కన తుమ్మచెట్టు పచ్చగా పూసి, పువ్వులన్నీ సిమెంటు బల్ల మీద రాల్చింది. ఆమె పువ్వులు దులిపి, కాసిని దులపకుండా ఉంచి, కూర్చుంది.

అంబ్రోసు మాత్రం చేతులు వెనక్కి పెట్టుకొని, బస్టాపు స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. కళ్ళు ఎటో దూరంగా చూస్తున్నాయి. ఒక తుమ్మపువ్వు వచ్చి ముక్కు మీద వాలినా తుడుచుకోలేదు. నిన్న సాయంత్రం దిమ్మె దిగినప్పటి నుంచీ ఇంతే. ఒక రెప్ప, రెండు రెప్పలు. జసింత బల్ల మీద తన పక్కచోటును చేత్తో తట్టింది.

"ఏవండీ. కూర్చోండి."

అతని పెదాలు మెల్లగా కదిలాయి. తుప్పు పట్టిన గొంతు.

"కూర్చోడానికి... ఆర్డరుందా?"

"ఉంది."

"ఎవరిది?"

"నాది."

అతను ముక్కు మీద పువ్వు తుడుచుకొని, ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపటికి సంచి వైపు వంగి వాసన చూశాడు.

"అబ్బ!" అన్నాడు.